బోరు దగ్గరి పెట్టెకు సొంత లినక్స్: సోర్స్ నుంచి ఎలా కట్టుకోవాలి?

అనంతపురం జిల్లాలో చీని తోట ఉన్న రైతుకు మోటారు దగ్గర ఒక పెట్టె కావాలి. త్రీఫేజ్ కరెంటు సరిగ్గా వచ్చిందో, ఒక ఫేజ్ పోయిందో అది కనిపెట్టాలి. మోటారు వెయ్యాలి, బోరులో నీళ్లు తగ్గి మోటారు వట్టిగా తిరుగుతుంటే ఆపాలి. డ్రిప్పు వాల్వులు వంతులవారీగా తిప్పాలి. ఇదంతా ఊళ్లో ఉన్న మనిషి ఫోనుకు చెప్పాలి. ఇంజనీరింగ్ కుర్రాళ్ల ప్రాజెక్టుల్లో ఇలాంటిది ఒకటి తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఒక చిన్న బోర్డు, ఒక మెమరీ కార్డు, అందులో నెట్ నుంచి దించుకున్న రెడీమేడ్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం. ల్యాబులో బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తోటలో పెట్టాక మొండికేస్తుంది.

చాలాసార్లు తప్పు ఆ ప్రోగ్రాంలో ఉండదు. వ్యవసాయ ఫీడర్‌కు కరెంటు ఇరవైనాలుగు గంటలూ ఉండదు, పోయేటప్పుడు చెప్పి పోదు. రెడీమేడ్ లినక్స్ ఏమో ఎవరి పనికైనా పనికొచ్చేలా తయారై వస్తుంది. లాగ్ ఫైళ్లు రాస్తుంటుంది, అప్‌డేట్లు వెతుకుతుంటుంది, మనం అడగని సర్వీసులు నడుపుతుంటుంది. కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలోనే కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ దెబ్బతింటుంది. పక్క తోట రైతు వచ్చి "నాకూ అట్లాంటిదే ఒకటి చెయ్యి స్వామీ" అంటే ఇంకో చిక్కు. మొదటి కార్డులో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

అందుకే కాస్త గట్టిగా పనిచేయాల్సిన పెట్టెలకు ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ (మనుషులు రాసిన ప్రోగ్రాం) నుంచి కంపైల్ చేసుకుంటారు, అంటే మిషన్ కోడ్‌గా మార్చుకుంటారు. ఆ బోర్డుకు ఎంత కావాలో అంతే అందులో ఉంటుంది. అయితే దీని గురించి చదవడం మొదలుపెట్టగానే టూల్‌చైన్, బూట్‌లోడర్, డివైస్ ట్రీ, డెఫ్‌కాన్ఫిగ్ అంటూ పేర్లు మీద పడతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు. ఈ చిక్కుముడి చాలావరకు ఒక్క ప్రశ్నతో విడిపోతుందని నా నమ్మకం. ఏ పేరు ఎదురైనా ముందు ఇలా అడగండి: ఇది నడిచేది నా ల్యాప్‌టాప్ మీదా, తోటలోని బోర్డు మీదా?

అంతకంటే ముందు ఇంకో మాట. మోటారు వెయ్యడం, ఆపడం, ఒక ఎస్ఎంఎస్ పంపడం వరకే అయితే లినక్స్ జోలికే పోవద్దు. చిన్న మైక్రోకంట్రోలర్, దాని మీద ఫ్రీఆర్‌టీఓఎస్ లేదా జెఫిర్ లాంటి బుల్లి సిస్టమ్ చాలు. ఖర్చూ తక్కువ, కరెంటూ తక్కువ. 4జీ మోడెం, కెమెరా, చిన్న డేటాబేస్, ఫోనులో తెరుచుకునే వెబ్ పేజీ, మీటరుతో మోడ్‌బస్ అనే పద్ధతిలో మాటలు, ఇవన్నీ ఒకే పెట్టెలో కావాలన్నప్పుడే లినక్స్‌కు అర్థం ఉంటుంది. ఇక్కడ మన పెట్టె అలాంటిదే అనుకుందాం. బోర్డు బీగిల్‌బోన్ బ్లాక్ అనుకుందాం. 2013లో వచ్చిన ఏఆర్ఎం బోర్డు అది. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్. పాతదే, కానీ దాని గుట్టంతా బయట దొరుకుతుంది. నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి!

ల్యాప్‌టాప్‌లో వండి బోర్డులో వడ్డించడం

మన ల్యాప్‌టాప్‌లో ఉండేది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్. బోర్డులో ఉండేది ఏఆర్ఎం. ఒకదానికి తయారైన మిషన్ కోడ్ రెండోదానికి అర్థం కాదు. బోర్డు మీదే కంపైల్ చేద్దామంటే 512 ఎంబీ ర్యామ్‌తో పెద్ద ప్యాకేజీలు తెమలవు. అందుకని నడిచేది ల్యాప్‌టాప్ మీద, తయారుచేసేది ఏఆర్ఎం కోడ్ అయిన కంపైలర్ ఒకటి కావాలి. దాన్నే క్రాస్ కంపైలర్ అంటారు. కంపైలర్, ముక్కల్ని ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్, ప్రోగ్రాంలన్నీ వాడుకునే సీ లైబ్రరీ కలిసిన మొత్తం సరంజామా పేరు టూల్‌చైన్.

ఈ టూల్‌చైన్‌ను కట్టడంలోనే ఒక తమాషా ఉంది. ప్రోగ్రాంలు తయారు కావాలంటే సీ లైబ్రరీ ఉండాలి. సీ లైబ్రరీ తయారు కావాలంటే కంపైలర్ ఉండాలి. పూర్తి కంపైలర్ తయారు కావాలంటే మళ్లీ సీ లైబ్రరీ ఉండాలి. ఈ ముడి విప్పడానికి జీసీసీ అనే కంపైలర్‌ను రెండు విడతల్లో కడతారు. ముందు అసెంబ్లర్, లింకర్ ఉన్న బిన్‌యుటిల్స్, తర్వాత లైబ్రరీ అవసరం లేని అరకొర జీసీసీ, దాంతో సీ లైబ్రరీ, చివరికి ఆ లైబ్రరీ ఆసరాతో పూర్తి జీసీసీ. మధ్యలో కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ గుండెకాయ) హెడర్లు కూడా కావాలి, ఎందుకంటే కెర్నెల్‌ను ఏ భాషలో అడగాలో సీ లైబ్రరీకి చెప్పేవి అవే. ఆ హెడర్లు బోర్డులో నడవబోయే కెర్నెల్ కంటే కొత్తవి కాకుండా చూసుకోవాలి. లేకపోతే పాత కెర్నెల్ దగ్గర లేని సదుపాయాల్ని లైబ్రరీ అడుగుతుంది.

సీ లైబ్రరీల్లోనూ ఈ పనికి ముఖ్యంగా మూడు రకాలున్నాయి. జీలిబ్‌సీ పెద్దది, అన్నిటితో కలిసిపోతుంది. మజిల్ చిన్నది, శుభ్రమైనది. యూసీలిబ్‌సీ-ఎన్‌జీ అంతకంటే పాత పద్ధతిది. ఏది ఎంచుకున్నా సిస్టమ్ మొత్తం దాంతోనే కట్టాలి. కొత్తవాళ్ల తల తిరిగే ఒక ఎర్రర్ ఇక్కడినుంచే పుడుతుంది. ప్రోగ్రాం ఫైలు బోర్డులో కళ్లెదురుగా కనిపిస్తుంటుంది, నడపబోతే షెల్ (మన కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) "నాట్ ఫౌండ్" అంటుంది. ఉన్న ఫైలు లేదంటుందేమిటి? దొరకనిది ఆ ఫైలు కాదు. మామూలుగా ప్రోగ్రాం లోపల తనను మెమరీలోకి ఎక్కించే లోడర్ పేరు రాసి ఉంటుంది. జీలిబ్‌సీతో కట్టిన ప్రోగ్రాంను మజిల్ ఉన్న బోర్డులో పెడితే ఆ పేరుగల లోడర్ అక్కడ ఉండదు. షెల్ లేదంటున్నది దాన్ని. అదే ల్యాప్‌టాప్ కోసం కట్టిన ప్రోగ్రాంను పొరపాటున బోర్డులో పెడితే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" లాంటిది వస్తుంది. రెండు ఎర్రర్లకీ మందు మన పాత ప్రశ్నే: ఇది ఏ మిషన్ కోసం తయారైంది, ఏ లైబ్రరీతో తయారైంది?

పైథాన్ వాడేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌లో పిప్‌తో ఎక్కించుకున్న ప్యాకేజీ బోర్డులోకి దానంతట అది వెళ్లదు. పూర్తిగా పైథాన్‌లో రాసినదైతే కాపీ చేసినా నడవవచ్చు. లోపల సీ కోడ్ ఉంటే దాన్ని ఏఆర్ఎం కోసం కట్టాల్సిందే.

బిల్డ్‌రూట్

ఇదంతా చేత్తో చేయడం మంచి చదువే కానీ ప్రతిసారీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. బిల్డ్‌రూట్ అనే ఉచిత సాధనం ఆ పని చేసిపెడుతుంది. యూసీలిబ్‌సీ తయారుచేసినవాళ్లు తమ లైబ్రరీని పరీక్షించుకోవడానికి 2001 ప్రాంతంలో మొదలుపెట్టింది ఇది. ఇప్పుడు మూడు నెలలకొకసారి కొత్త విడుదల వస్తుంది. టూల్‌చైన్, బూట్‌లోడర్ (బోర్డు వెలగగానే కెర్నెల్‌ను ఎక్కించేది), కెర్నెల్, మనకు కావలసిన ప్యాకేజీలు అన్నిటి సోర్స్‌నూ తనే దించుకుని, వరుసలో కంపైల్ చేసి, కార్డు మీద రాయడానికి సిద్ధంగా ఒక ఇమేజ్, అంటే కార్డులో ఉండాల్సినదంతా ఉన్న ఒకే ఫైలు, చేతికిస్తుంది.

వాడకం చూడటానికి సులువు. బీగిల్‌బోన్ డెఫ్‌కాన్ఫిగ్ అని ఆ బోర్డుకు ముందే రాసిపెట్టిన ఎంపికల జాబితా ఉంటుంది. 'మేక్' ఆదేశంతో దాన్ని తెచ్చుకోవాలి. 'మేక్ మెనూకాన్ఫిగ్' అంటే నీలం తెర మీద మెనూ వస్తుంది, అందులో మార్పులు చేసుకోవాలి. తర్వాత వట్టి 'మేక్'. మామూలు ల్యాప్‌టాప్‌లో మొదటిసారి గంటో, రెండు గంటలో పట్టొచ్చు. ఫ్యాన్ మోత వింటూ కాఫీ తాగి రావచ్చు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ద్వారా చేసేవాళ్లకు మొదటి అడుగులోనే దెబ్బ తగులుతుంది. విండోస్ ఫోల్డర్ల పేర్లు పాత్‌లోకి, అంటే ప్రోగ్రాంల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలోకి, వచ్చి చేరతాయి. "ప్రోగ్రాం ఫైల్స్" అనే పేరు మధ్యలో ఖాళీ ఉంటుంది. పాత్‌లో ఖాళీ కనిపిస్తే బిల్డ్‌రూట్ కదలనంటుంది. పాత్‌ను శుభ్రం చేసుకుని, సోర్స్‌ను కూడా లినక్స్ వైపు ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. అడ్మిన్‌గా, అంటే రూట్ యూజర్‌గా నడపొద్దు, ఆ అవసరమే లేదు. నెట్ సరిగా అందని చోట ఉంటే 'మేక్ సోర్స్' అనే ఆదేశం ఉంది. కావలసిన సోర్స్ మొత్తం ముందే దించిపెడుతుంది. కాలేజీలో నెట్ ఉన్నప్పుడు అది చేసుకుని, ఇంటికెళ్లి నెట్ లేకుండా కంపైల్ చేసుకోవచ్చు.

పని అయ్యాక అవుట్‌పుట్ ఫోల్డర్‌లో చూస్తే మన ప్రశ్నకు జవాబు ఫోల్డర్ల రూపంలోనే ఉంటుంది. హోస్ట్ ఫోల్డర్‌లో ఉన్నవి ల్యాప్‌టాప్ మీద నడిచేవి. టార్గెట్ ఫోల్డర్‌లో ఉన్నవి బోర్డు మీద నడిచేవి. ఇమేజెస్‌లో ఉన్నవి కార్డుకు ఎక్కించాల్సినవి. టార్గెట్ ఫోల్డర్ చూడటానికి బోర్డులో ఉండబోయే ఫైల్‌సిస్టమ్ లాగే కనిపిస్తుంది, కానీ దాన్ని నేరుగా కాపీ చేసి వాడకూడదు. ఫైళ్ల యాజమాన్యం, డివైస్ ఫైళ్లు అందులో సరిగ్గా ఉండవు, ఇమేజ్ తయారయ్యే చివరి దశలోనే అవి కుదురుకుంటాయి. ఎంతమంది కాపీ చేసి ఇబ్బంది పడ్డారో ఏమో, "ఇది నీ రూట్ ఫైల్‌సిస్టమ్ కాదు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఫైలునే అందులో పెట్టేశారు. అక్కడ చేత్తో చేసిన మార్పులు కూడా నిలవవు, 'మేక్ క్లీన్'తో తుడిచిపెట్టుకుపోతాయి. మన సొంత ఫైళ్లను ఓవర్‌లే అనే విడి ఫోల్డర్‌లో ఉంచి దాని చిరునామాను మెనూలో ఇవ్వాలి.

బిల్డ్‌రూట్‌కు ఒక మొరటు గుణం ఉంది. మెనూలో ఒక ప్యాకేజీకి టిక్ తీసేసి మళ్లీ 'మేక్' కొడితే ఆ ప్యాకేజీ ఇమేజ్‌లోంచి పోదు. ఎక్కించడమే దానికి తెలుసు, దించడం తెలియదు. టూల్‌చైన్ మార్చినా, ప్యాకేజీలు తీసేసినా 'మేక్ క్లీన్' చేసి మొదటినుంచి కట్టాల్సిందే. దీన్ని లోపం అనేవాళ్లున్నారు. నాకైతే ఇది నిజాయితీగానే అనిపిస్తుంది. సగం పాతది సగం కొత్తది అయిన ఇమేజ్ తోటకు వెళ్లడం కంటే ఒక గంట ఎదురుచూడటం నయం.

యోక్టో పేరు కూడా వినే ఉంటారు. 2010లో లినక్స్ ఫౌండేషన్ ప్రకటించిన ప్రాజెక్టు. బిట్‌బేక్ అనే ఇంజిన్, రెసిపీలు, లేయర్లు అంటూ దాని లోకం వేరు. ముందు కట్టినవాటిని దాచుకుని మారినవాటినే మళ్లీ కడుతుంది. ఒకే కంపెనీ పది రకాల బోర్డులకు పది రకాల ఉత్పత్తులు చేస్తుంటే దానికి తిరుగులేదు. కానీ డిస్కులో చాలా ఖాళీ అడుగుతుంది, నేర్చుకోవడానికి నెలలు అడుగుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రకం పెట్టె చేస్తుంటే బిల్డ్‌రూట్ చాలు. యోక్టో నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుంది కదా అంటారు. నిజమే, అది బెంగళూరు సంగతి. ఈ పెట్టె సంగతి కాదు.

కెర్నెల్‌లో ఏం ఉంచాలి

లినక్స్ కెర్నెల్ మెనూలో వేల ఎంపికలుంటాయి. అన్నీ చదవాలనుకుంటే ఏ పనీ కాదు. బోర్డు డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, అక్కర్లేనివి తీసేస్తూ పోవడమే పద్ధతి. చాలావాటికి మూడు స్థితులుంటాయి: కెర్నెల్‌లోనే కలిపెయ్యి, విడి మాడ్యూల్‌గా (అవసరమైనప్పుడు ఎక్కించే ముక్కగా) ఉంచు, అసలు వద్దు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటే. రూట్ ఫైల్‌సిస్టమ్‌ను (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే చోటును) చేరుకోవడానికి అవసరమైన డ్రైవర్లు, అంటే కార్డు డ్రైవరు, ఆ ఫైల్‌సిస్టమ్ రకం, కెర్నెల్‌లోనే కలిసి ఉండాలి. అవి మాడ్యూళ్లుగా ఉంటే ఆ మాడ్యూళ్లు ఉండేది కార్డులోనే కదా! కార్డు తెరవడానికి కావలసిన తాళంచెవి కార్డులోనే ఉన్నట్టు. అప్పుడు కెర్నెల్ "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అని పానిక్ అయి ఆగిపోతుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (ముందుగా ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) అనే దారి కూడా ఉంది కానీ ఇంత చిన్న పెట్టెకు దాని అవసరం లేదు.

ఇక డివైస్ ట్రీ. ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీకి ఏదైనా తగిలిస్తే అది తన పేరు తనే చెప్పుకుంటుంది. ఏఆర్ఎం బోర్డులో ఒక పిన్నుకు రిలే తగిలించామనీ, ఇంకో సీరియల్ పోర్టుకు మీటరుతో మాట్లాడే ఆర్ఎస్-485 చిప్ ఉందనీ కెర్నెల్ తనంతట కనుక్కోలేదు. ఒకప్పుడు ఈ వివరాలన్నీ బోర్డుకొక సీ ఫైలుగా కెర్నెల్ సోర్స్‌లోనే రాసేవాళ్లు. బోర్డులు పెరిగేకొద్దీ అది చెత్తకుప్పలా తయారైంది. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ తోర్వాల్డ్స్ ఏఆర్ఎం వాళ్ల మీద బహిరంగంగానే విసుక్కున్నాడు. ఆ తర్వాత హార్డ్‌వేర్ వివరణను డివైస్ ట్రీ అనే విడి ఫైల్లోకి మార్చే పని ఊపందుకుంది. దాన్ని మనుషులు చదివే రూపంలో రాసి, ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి, కెర్నెల్‌తో పాటు బోర్డుకు ఇస్తాం. రిలే పిన్ను మారితే కెర్నెల్‌ను ముట్టుకోనక్కర్లేదు, ఈ చిన్న ఫైలు మారిస్తే సరి.

బూట్‌లోడర్ గురించి తక్కువ చెప్పుకున్నా నష్టం లేదు. యూ-బూట్ అనే బూట్‌లోడర్‌ను బిల్డ్‌రూటే కట్టిపెడుతుంది. అది రెండు ముక్కలుగా ఎందుకు ఉంటుందో మాత్రం తెలిసి ఉండాలి. కరెంటు రాగానే అసలు ర్యామ్ ఇంకా మేలుకొని ఉండదు. చిప్ లోపలి చిన్న మెమరీలో పట్టేంత ముక్క ముందు వచ్చి ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది. ఆ తర్వాతే పెద్ద ముక్క వచ్చి కెర్నెల్‌నూ డివైస్ ట్రీనీ ఎక్కిస్తుంది.

కరెంటు పోయినా బతికేలా

రూట్ ఫైల్‌సిస్టమ్‌లో పెద్ద భాగం బిజీబాక్స్. మనం రోజూ వాడే వందల లినక్స్ కమాండ్లు ఒకే ఒక్క ప్రోగ్రాంలో ఇమిడి ఉంటాయి, ఒక్కో కమాండ్ పేరూ దానికి ఒక లింకు మాత్రమే. దీనివల్లే కెర్నెల్‌తో కలిపి మొత్తం సిస్టమ్ పది, ఇరవై ఎంబీల్లో సరిపోతుంది. పైథాన్ కలిపితే ఇంకొంత పెరుగుతుంది.

సైజు తగ్గడం ముచ్చటగానే ఉంటుంది కానీ అసలు లాభం వేరే. ఇంత చిన్న సిస్టమ్‌ను స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే రీడ్-ఓన్లీ రూపంలో పెట్టొచ్చు. అందులో ఎవరూ ఏమీ రాయలేరు కాబట్టి, కరెంటు ఎప్పుడు పోయినా సగం రాసిన ఫైలనేది సిస్టమ్ భాగంలో ఉండదు. లాగ్‌లు ర్యామ్‌లోనే తిరుగుతాయి. వాల్వుల టైములు, మోటారు నడిచిన లెక్కలు మాత్రం విడి పార్టిషన్‌లో, అంటే కార్డులోని వేరే భాగంలో, రాస్తాం. దెబ్బ తగిలితే దానికే తగులుతుంది, పెట్టె మాత్రం లేస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం ఇలాంటి సిస్టమ్ పార్టిషన్లు రెండు ఉంచుకుని, నడవనిదాంట్లో కొత్తది రాసి, బాగుంటే దానికి మారడం మంచి పద్ధతి. ఆర్ఏయూసీ, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ అనేవి ఈ పనికే ఉన్నాయి, రెండూ బిల్డ్‌రూట్‌లో దొరుకుతాయి.

వాచ్‌డాగ్‌ను మరిచిపోవద్దు. చిప్‌లోనే ఉండే టైమర్ అది. మన ప్రోగ్రాం నిర్ణీత సమయంలో దాన్ని పలకరించకపోతే బోర్డును రీసెట్ చేసేస్తుంది. తోటకు ఇరవై కిలోమీటర్లు వెళ్లి ప్లగ్గు తీసి పెట్టే పని తప్పుతుంది. ఆ పలకరింపు విడి ప్రోగ్రాంతో చేయించకుండా, వాల్వులు తిప్పే ప్రోగ్రాంతోనే చేయించాలి. లేకపోతే అసలు ప్రోగ్రాం స్తంభించినా వాచ్‌డాగ్ సంతోషంగానే ఉంటుంది.

బల్ల మీద ఎప్పటికీ బయటపడని ఇంకో సమస్య గడియారం. ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ ఆసరా లేదు. కరెంటు పోయి వస్తే అది ఎన్నో ఏళ్ల కిందటి తేదీకి వెళ్లిపోతుంది. సిగ్నల్ దొరికి నెట్ నుంచి టైము తెచ్చుకునేదాకా ఉదయం ఆరు గంటల వాల్వు ఎప్పుడు తిరుగుతుందో దేవుడికే తెలియాలి. సర్వర్‌తో మాట్లాడబోతే భద్రతా సర్టిఫికెట్ కాలం ఇంకా మొదలే కాలేదని కనెక్షన్ తెగిపోతుంది. డీఎస్3231 లాంటి గడియారం చిప్‌ను బటన్ సెల్‌తో కలిపి పెట్టి, కెర్నెల్‌లో దాని డ్రైవర్‌ను నేరుగా కలిపి, డివైస్ ట్రీలో నాలుగు వరుసలు రాస్తే ఇది తీరుతుంది.

దాచుకోవాల్సింది ఇమేజ్ కాదు

పని పూర్తయ్యాక చాలామంది ఇమేజ్ ఫైలును డ్రైవ్‌లో దాచుకుంటారు. దాచుకోవాల్సింది దాన్ని పుట్టించిన ఎంపికల్ని. 'మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్' అంటే మనం మార్చినవి మాత్రమే ఉన్న చిన్న ఫైలు వస్తుంది. కెర్నెల్ కాన్ఫిగ్, డివైస్ ట్రీ, ఓవర్‌లే ఫోల్డర్, మన ప్రోగ్రాం, వీటన్నిటినీ బిల్డ్‌రూట్ సోర్స్‌కు బయట విడి ఫోల్డర్‌లో పెట్టి గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనం) ఉంచాలి. ఏ బిల్డ్‌రూట్ విడుదల వాడామో, కెర్నెల్ ఏ వెర్షనో అంకెతో సహా రాసిపెట్టాలి. "తాజా వెర్షన్" అని వదిలేస్తే రేపు తాజా ఇంకోటి అవుతుంది. దించుకున్న సోర్స్ ఫోల్డర్ కాపీ కూడా ఉంచుకుంటే మంచిది, నెట్‌లో పాత సోర్స్‌లు ఎల్లకాలం ఉంటాయన్న హామీ లేదు. రెండో రైతుకు పెట్టె చేసిచ్చేది ఈ ఫోల్డరే.

పెట్టె అమ్మే ఆలోచన ఉంటే లైసెన్సులు కూడా చూసుకోవాలి. లినక్స్ కెర్నెల్, బిజీబాక్స్, యూ-బూట్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంటాయి. వాటితో చేసిన వస్తువు అమ్మితే వాటి సోర్స్‌ను కొన్నవాళ్లకు అందుబాటులో ఉంచాలి. 2003లో లింక్‌సిస్ రౌటర్ విషయంలో ఇదే జరిగింది. అడిగితే సోర్స్ బయటపెట్టాల్సి వచ్చింది, దాని మీదే మరుసటి ఏడాది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ల లినక్స్ పుట్టింది. మన సొంత ప్రోగ్రాం విడిగా నడిచేదైతే దాని సంగతి మన ఇష్టం. 'మేక్ లీగల్-ఇన్ఫో' అంటే ఏ ప్యాకేజీకి ఏ లైసెన్సో జాబితా, సోర్స్‌తో సహా తయారై వస్తుంది.

మొదటిసారి వెలిగించేటప్పుడు

హెచ్‌డీఎంఐ తెర తగిలించి చూస్తే మొదటి దశల్లో ఏమీ కనిపించదు. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కొనుక్కోండి, 5 వోల్టులది పెడితే పిన్నులు దెబ్బతినొచ్చు. ల్యాప్‌టాప్‌లో వేగం 115200 పెట్టి బోర్డు వెలిగించాలి. ఎక్కడ ఆగిందన్న దాన్నిబట్టి తప్పు ఏ ముక్కలో ఉందో తెలిసిపోతుంది. ఇంగ్లిష్ అక్షరం 'సీ' వరుసగా వస్తుంటే చిప్‌కు బూట్‌లోడరే దొరకలేదు, కార్డు సరిగ్గా రాయలేదన్నమాట. "స్టార్టింగ్ కెర్నెల్" అని వచ్చి మూగబోతే కెర్నెల్ నడుస్తూ కూడా ఉండొచ్చు. కన్సోల్ (సందేశాలు వచ్చే చోటు) ఏ పోర్టో తప్పు చెప్పామేమో, డివైస్ ట్రీ వేరే బోర్డుదేమో చూడాలి. రూట్ ఎఫ్ఎస్ దొరకలేదంటే కార్డు డ్రైవరు, లేదా పార్టిషన్ పేరు. "నో వర్కింగ్ ఇనిట్ ఫౌండ్" అంటే ఫైల్‌సిస్టమ్ దొరికింది, అందులోని మొదటి ప్రోగ్రామే నడవడం లేదు. అంటే లైబ్రరీనో, లోడరో లేదు, లేదా అది ఏఆర్ఎం కోసం కట్టినదే కాదు.

అన్నీ కుదిరితే లాగిన్ అడుగుతుంది. రూట్ అని కొడితే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వదిలేస్తుంది, ఎందుకంటే బిల్డ్‌రూట్‌లో మనం పెట్టేదాకా పాస్‌వర్డ్ ఉండదు. 4జీ సిమ్ వేసే ముందు మళ్లీ మెనూలోకి వెళ్లి అది పెట్టండి.